తెల్లరక్తం మింగిన కాపలా

అక్క కాలేయంలో పని చేస్తున్న కాపలా కణం ఒక్కటి కూడా లేదు.

చెల్లెలు సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. రక్తంలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను పట్టి మింగడమే ఆ కణాల కొలువు. ఇవేమో గుండ్రటి బొట్లను పీకలదాకా మింగి, భుక్తాయాసంతో చతికిలబడ్డాయి. వాటి పక్కనే సూక్ష్మజీవులు అడ్డూ అదుపూ లేకుండా గుంపులు కట్టాయి. దొంగలు పడ్డా కుక్క మొరగని ఇల్లులా ఉంది ఆ కాలేయపు ముక్క.

ఆ బొట్లేమిటో ఆమెకు తెలుసు. తెల్లరక్తం. తమ ప్రయోగశాలలోనే పుట్టిన, పాలలా ఉండే కృత్రిమ రక్తం. లారీ గుద్దిన అక్కకు, ఆమె గ్రూపు రక్తం పక్క ఊరినుంచి వచ్చేలోగా ఎక్కించారు. ప్రాణం నిలిచింది గానీ జ్వరం పట్టుకుంది. మళ్ళీ పొట్ట తెరవాల్సి వచ్చిన సర్జను, ఈ ముక్క కోసి పంపాడు.

ముందుగా తెల్లరక్తం ఎక్కించి చూసిన కుందేళ్ళలో ఇలా ఎన్నడూ కనపడలేదు. వాటి కాలేయాలన్నీ చూసింది తనే. తోటివాళ్ళు ముక్కల డాక్టరమ్మ అని ఎగతాళి చేసేంతగా చూసింది. అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఆ ధీమాతోనే అక్కకు ఎక్కించడానికి తలూపింది.

గబగబా మెట్లు దిగి కుందేళ్ళ గదికి వెళ్ళింది. కుందేళ్ళన్నీ తన దగ్గరికే వచ్చాయా అన్న ఆమె ప్రశ్నకు, బోను కడుగుతున్న పనివాడు వింతగా చూశాడు. నెల దాకా బతికి బట్టకట్టినవే కదమ్మా మీ బల్ల మీదికొచ్చేది అన్నాడు. మొదటి వారంలో జ్వరమొచ్చి పోయినవి బోను తెగులుతో పోయాయనీ, కోయకుండా కాల్చేయమనీ పెద్దసారు చెప్పారట.

నెల తిరిగేసరికి కణాలు తేరుకుంటాయి. తేరుకున్నవాటినే ఆమె చూసింది.

పెద్దసారంటే మరెవరో కాదు, అక్క భర్త, బావ.

ఆమె ఆసుపత్రికి పరుగెత్తేసరికి బావ వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తెప్పించిన రక్తం రెండో ఆపరేషనుకే అయిపోవడంతో, లోపల నర్సు తెల్లరక్తం రెండో సంచి తగిలిస్తోంది. ఆపమని చెల్లెలు సర్జను చెయ్యి పట్టుకుంది. తెల్లరక్తంతో ప్రమాదం లేదన్న నివేదిక కింద సంతకం ఆయనది కదా అన్నట్టు సర్జను బావ వైపు చూశాడు.

"అదేంటి పిచ్చుకా, బాగుందని చెప్పింది నువ్వేగా?" అన్నాడు బావ. ఆమెకు చిన్నప్పుడు అతను పెట్టిన పేరది.

"నువ్వు చూపించినవి బాగున్నాయి బావా. కాల్చినవాటి సంగతి చెప్పు. ఆ సంచి ఎక్కితే అక్క మనకు దక్కదు."

బావ నేల చూపులు చూశాడు. తర్వాత సర్జను వైపు తిరిగాడు.

"ఆపించండి. చచ్చినవాటిని ఎవరికీ తెలియకుండా నేను కోసి చూశాను. కణాలన్నీ నిండిపోయి ఉన్నాయి. నెలకి సర్దుకుంటున్నాయి కదా, ఈలోగా పోయినవాటిని ఎవరడుగుతారులే అనుకున్నాను. రక్తం వచ్చేదాకా ఆగగలమా అని ఆరోజు మీరు నన్నడిగారు. ఆగొచ్చని నాకు తెలుసు. ఆగమంటే ఎందుకని అడుగుతారు. అందుకే ఎక్కించెయ్యండి అన్నాను. నా భార్య నా చెయ్యి పట్టుకునే ఉంది, నేను ఆ మాట అన్నప్పుడు."