వణకని వియ్యంకులు

ఆ ఉదయం ప్రయోగశాలలోకి ప్రవేశించినవారు నలుగురు. ముందుగా మా వియ్యంకుడుగారు, వయసులో పెద్దవారు కనుక. ఆ వెంటనే, దాదాపు ఆయన భుజాన్ని రాసుకుంటూ నా తమ్ముడు, మగపిల్లవాడి తండ్రి కనుక. వారి వెనుక వియ్యపురాలుగారు. చివరగా నేను, అబ్బాయికి పెదనాన్నను. గాజు కిటికీ అవతల, కంప్యూటర్ ముందు మా కోడలు అప్పటికే కూర్చుని ఉన్నది. ఈ ప్రయోగం ఆమెది.

మనిషి ఒంట్లో కొవ్వు రెండు రకాలని ఆమె మాకు మొదటిరోజే వివరించింది. తెల్ల కొవ్వు దాచిపెట్టుకునేది. గోధుమరంగు కొవ్వు ఖర్చు చేసేది. మెడ దగ్గర, వెన్ను పక్కన కొద్దికొద్దిగా ఉండి, చలి తగిలినప్పుడు చక్కెరనూ కొవ్వునూ మండించి వేడి పుట్టిస్తుంది. పసివాళ్లలో ఎక్కువ, వయసుతో తగ్గుతుంది. రోజూ కాసేపు చలికి అలవాటు పడితే పెద్దవయసులో అది మళ్లీ మేల్కొంటుందా అన్నదే ఆమె ప్రశ్న.

అందుకోసం మాకు చన్నీళ్లు తిరిగే సన్నని గొట్టాలున్న కోట్లు తొడిగేవారు. ఎవరి కోటు చల్లదనాన్ని వారికి విడిగా మార్చవచ్చు. నియమం ఒక్కటే: చలి వేయాలి గాని వణుకు రాకూడదు. వణికితే వేడి పుట్టించేవి కండరాలు. అప్పుడు కొలిచిన వేడి కొవ్వుదో కండరానిదో తేలదు. కనుక వణుకు మొదలవగానే చెయ్యి ఎత్తాలి. కోడలు ఆ కోటును కాస్త వెచ్చబరుస్తుంది.

నేనూ వియ్యపురాలుగారూ మొదటిరోజే చెయ్యి ఎత్తాము. మిగిలిన ఇద్దరూ ఎత్తలేదు. వియ్యంకుడి ఎదుట ముందుగా చెయ్యి ఎత్తేవాడెవడు?

"చలేమన్నా వేస్తోందా బావగారూ?" అని వియ్యంకుడుగారు అడిగేవారు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని.

"అబ్బే. కాస్త ఉక్కగా లేదూ?" అనేవాడు తమ్ముడు, దవడ బిగించి.

"ఫ్యాను వేయమని చెప్పనా?"

"చెప్పండి, మీకు ఇబ్బంది లేకపోతే."

వారిద్దరి తొడలకు అంటించిన బిళ్లలు మాత్రం కండరాల కదలికను దాచలేదు. తెర మీద గీతలు గంతులు వేసేవి. కోడలు తీగలు మార్చింది, యంత్రాన్నే మార్చింది. ఆ ఉదయానికి ముందురోజు సాయంత్రం వరండాలో నా దగ్గరకు వచ్చినప్పుడు ఆమె ముఖం చిన్నబోయి ఉన్నది.

"మిషన్ బాగానే ఉంది పెద్ద మామయ్యగారూ. వాళ్ల లెక్కలే నమ్మేలా లేవు. అసలే మనుషులు తక్కువ. వీళ్లిద్దర్నీ తీసేస్తే ఈ విడత నిలబడదు. నిలబడకపోతే ప్రయోగం ఇంతటితో ఆపేయమన్నారు పైవాళ్లు."

"వారినే అడగరాదా?"

"అడిగాను. నాన్న హాయిగా ఉందన్నారు. మామయ్యగారైతే ఇంకాస్త చల్లగా పెట్టమన్నారు. కాదు, మీరు వణుకుతున్నారని మామగారి మొహం మీద ఎలా అంటాను?"

పక్కనే శాలువా మడత పెట్టుకుంటున్న వియ్యపురాలుగారు అంతా విన్నారు.

మర్నాడు, అనగా నేను మొదట చెప్పిన ఉదయం, ఆమె ఆ ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చున్నారు. గీతలు గంతులు మొదలుపెట్టిన కాసేపటికి సంచిలోంచి రెండు గాజుగ్లాసులు తీసి, సీసాలోని నీళ్లు అంచు దాకా పోశారు.

"అన్నయ్యగారూ, కాస్త మంచినీళ్లు పుచ్చుకోండి."

వియ్యపురాలు స్వయంగా అందించిన గ్లాసును కాదనడం మా ఇంట ఎన్నడూ లేదు. తమ్ముడు అందుకున్నాడు. బావగారు అందుకున్న తర్వాత వియ్యంకుడుగారు మాత్రం ఎలా కాదంటారు? తొడ కింది నుంచి చెయ్యి తీయక తప్పలేదు.

తమ్ముడి గ్లాసులో నీళ్లు ముందుగా అంచు దాటి మోకాలి మీద పడ్డాయి. అది చూసి వియ్యంకుడుగారు నవ్వబోయేలోపు ఆయన గ్లాసు సగమైంది.

"ఉక్కపోస్తోందన్నారుగా. చల్లబడ్డారా?" అన్నారామె.

"ఏమిటే ఈ పరాచికాలు?" అన్నారు భర్తగారు.

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, చలేస్తే మీ చేతులు తొడల కిందికి పోతాయి. మీ ఇద్దరి బింకానికీ మధ్యన పిల్ల పని నలిగిపోతోంది. ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తండి, ఎవరూ ఓడినట్టు కాదు."

"మీరు కానివ్వండి బావగారూ," అన్నారు వియ్యంకుడుగారు. "మగపెళ్లివారు."

"ఎంతమాట. పెద్దవారు, మీరుండగా నేనా?"

ఈ మర్యాద ఇంకెంతసేపు సాగేదో గాని, వియ్యపురాలుగారు ఇద్దరి మణికట్లూ పట్టుకుని ఒక్కసారిగా పైకి లేపారు. గాజు అవతల కోడలు తల వంచుకున్నది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నవ్వుతున్నదని తర్వాత తెలిసింది.

అంతవరకు తీసిన వారి కొలతలను పక్కన పెట్టి, మళ్లీ మొదలుపెట్టేందుకు పైవారు అనుమతించారు. వెచ్చబరచిన కోట్లను వారాలు గడిచేకొద్దీ తిరిగి కొంచెం కొంచెంగా చల్లబరిచారు. చివరికి పాత చలికే వచ్చాము. గీతలు చదునుగా పడుకున్నాయి. అయినా ఊపిరిని కొలిచే యంత్రం మా ఒళ్లు మామూలు కన్నా ఎక్కువ ఇంధనం ఖర్చు చేస్తున్నట్టు చూపింది. స్కానింగు బొమ్మల్లో మెడ కింద, ఇరుపక్కలా, మేల్కొన్న గోధుమరంగు కొవ్వు చిన్న చిన్న మెరుపులుగా కనిపించింది. నాది ఆవగింజంత.

"నాది కాస్త ఎక్కువ మెరుస్తోందేమో," అన్నారు వియ్యంకుడుగారు.

"మీకు ఫొటో బాగా కుదిరింది బావగారూ," అన్నాడు తమ్ముడు.

"అందరికన్నా అమ్మదే ఎక్కువ," అన్నది కోడలు. ఇద్దరూ బొమ్మలు కింద పెట్టేశారు.

"అయితే సన్నబడతానంటావా?" అని అడిగారు వియ్యపురాలుగారు.

"అంత ఆశ పెట్టుకోకమ్మా. ఇక్కడ ఖర్చయింది ఇంటికెళ్లి ఆకలేసి తినేస్తావు."

ఆ విడత నిలబడింది. ప్రయోగం కొనసాగుతున్నది. మా కోడలు గాని, ఆమె మామగారు గాని, తండ్రిగారు గాని నోటితో చెప్పలేని మాటను రెండు గ్లాసుల నీళ్లతో చెప్పి, ఎవరి గౌరవానికీ లోటు రాకుండా ఆ పనిని కాపాడినందుకు, వియ్యపురాలుగారికి ఉభయ కుటుంబాల పక్షాన నా హృదయపూర్వక కృతజ్ఞతలను ఇందుమూలముగా సమర్పించుకుంటున్నాను.