మద్దమ్మ చేట, నా మూడు గిన్నెలు

నేను ఒక గాలిమాపనిని. మూడు చిన్న గిన్నెలు, నడుమ ఒక ఇరుసు, కింద ఒక తీగ. ఇంతే నా ఒళ్లు. గాలి తోస్తే తిరుగుతాను, ఎంత వేగంగా తిరిగానో తీగ ద్వారా చెబుతాను. నన్ను చేసినవాళ్లు పరీక్షించి, "తప్పు చెప్పదు" అని నా అడుగున ఒక చీటీ అంటించారు. ఆ చీటీ చూసుకుని నేను చాలాకాలం మిడిసిపడ్డాను.

నన్ను కొన్నది నంద్యాల దాపున ఒక సిమెంటు ఫ్యాక్టరీ. రాయిని పిండి చేసే అక్కడి మరలకు ఎంత కరెంటు పోసినా చాలదు. ఆవరణలోనే గాలిమరలు నిలబెట్టుకోవాలా, బొగ్గుతో నడిచే యూనిట్ కట్టుకోవాలా అని పెద్దలు తర్జనభర్జన పడుతున్నారు. ఏడాదిపాటు నేను చెప్పేదాన్ని బట్టి తేలుస్తారట.

ఇంజినీరు సుధీంద్ర మంచివాడే. అయితే నన్ను ఆఫీసు వెనకాల, ఎత్తయిన కొలిమి గోపురం చాటున స్తంభానికి కట్టించాడు. అక్కడయితే నన్ను చూడటానికి ఎండలో నడవనక్కర్లేదు. ఏసీ గదిలో కూర్చుని గాలిని వెతకడం చదువుకున్నవాళ్లకే చెల్లింది!

పదకొండు నెలలు గడిచి ఆషాఢం వచ్చింది. గేటు దగ్గర కూలీల తలగుడ్డలు ఎగిరిపోతుంటే, నేను మాత్రం సిమెంటు దుమ్ము మింగుతూ ఈసురోమని తిరిగాను. "ఇక్కడ గాలి లేదు" అని సుధీంద్ర నివేదిక మొదలుపెట్టాడు.

ఆ మాట దుమ్ము ఊడ్చే మద్దమ్మ చెవిన పడింది. బొగ్గు యూనిట్ వస్తే దాని బూడిదకు మడుగు తవ్వేది ఆమె ఇంటి వెనకే, ఆ వీధి మొత్తం తాగే బావి పక్కనే. అప్పటికే ముగ్గు పోసి హద్దులు గీశారు.

"సార్, ఈడ గాలి లేదని రాస్తాండారంట?"

"నేను కాదమ్మా, మిషన్ చెప్తోంది."

"దాన్ని గోపురం సాటున కట్టేస్తే అదేం సెప్తాది, పాపం? ముప్పై ఏండ్లు ఆ మిట్ట మీద కొర్రలు తూర్పారబట్టినా. గాలి యాడుంటాదో నా చేటకు తెలుసు సార్."

సుధీంద్ర నవ్వేశాడు. మర్నాడు మద్దమ్మ పొట్టు కలిపిన కొర్రలు చేటలో పోసుకుని వచ్చింది. నా స్తంభం కింద నిలబడి చేట తలపైకెత్తి మెల్లగా వంచింది. గింజా పొట్టూ కలిసి ఆమె కాళ్ల దగ్గరే పడ్డాయి. అన్నీ ఎత్తుకుని, "రా సార్" అంటూ ఫ్యాక్టరీ చివరనున్న మిట్టకేసి నడిచింది. ఆయన నెత్తిన ఫైలు పెట్టుకుని వెంట వెళ్లాడు. అక్కడ చేట వంచగానే గింజ దగ్గర రాలింది, పొట్టు పది బారల అవతలికి ఎగిరిపోయింది. ఎదురుగా నిలబడ్డ పాపానికి సుధీంద్ర మీసాల నిండా కొంత చేరింది. ఆయన దాన్ని దులుపుకోలేదు. చాలాసేపు వెనక్కి తిరిగి గోపురాన్నే చూశాడు.

నాకూ సిగ్గేసింది. పదకొండు నెలలుగా నమ్మకంగా అబద్ధం చెప్పాను మరి.

నివేదిక చింపేసి, నన్ను మిట్ట మీదికి మార్చారు. మరో ఏడాది కసి తీరా తిరిగాను. తర్వాత అక్కడ ఆరు గాలిమరలు లేచాయి. బొగ్గు యూనిట్ ఊసు పోయింది, మద్దమ్మ ఇంటి వెనక ముగ్గు వానకు చెరిగిపోయింది.

ఇరుసు అరిగాక నన్ను ఆఫీసు ముందుగదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. "ఇక్కడి గాలిని కనుగొన్న పరికరం" అని పలక తగిలించారు. వచ్చిన అతిథులకు చూపిస్తారు. ఆ అద్దం రోజూ తుడిచేది మద్దమ్మే. ఒకరోజు పలకను కూడబలుక్కుంటూ చదివింది.

"ఓహో, నువ్వేనా కనుక్కునింది?" అని నవ్వింది. "ఉండనీలే. మా బాయి నీళ్లు బాగుండాయి, అది సాలు."

కొంగుతో అద్దం ఇంకోసారి తుడిచి వెళ్లిపోయింది. తప్పు చెప్పదన్న చీటీ ఇంకా నా అడుగున ఉంది. నేను చెప్పిన అబద్ధాలు రెండు. మొదటిది గోపురం చాటున, తెలియక చెప్పాను. రెండోది ఈ అద్దం వెనక నిలబడి, తెలిసి రోజూ చెబుతున్నాను.