అసిరమ్మ వదలలేని ఊపిరి

నేను ఒక ఊపిరి యంత్రాన్ని. ఆసుపత్రిలో వెంటిలేటర్ అంటారు. నన్ను తయారుచేసిన షెడ్డులో ఒక రబ్బరు సంచిని తగిలించి, ఇదే ఊపిరితిత్తి అనుకోమన్నారు. ఆ సంచి దగ్గదు, భయపడదు, ఎదురు తిరగదు. మనుషులూ అంతేననుకుని బయలుదేరాను.

మొదట ఒక నర్సింగ్ హోములో ఉన్నాను. అది మూతపడ్డాక విశాఖపట్నంలో ఓ పెద్దాసుపత్రికి అమ్మేశారు. చేతులు మారాయి గానీ మాట మారలేదు. మనిషికీ నాకూ లయ కుదరకపోతే నేను అరుస్తాను. వాళ్ళు నా అరుపు ఆపేసి, "పేషెంటు మెషిన్‌తో కొట్లాడుతున్నాడు" అంటూ మనిషికి మత్తు ఇస్తారు. కొట్లాట నాదేమోనని ఒక్కరికీ తోచదు.

అసిరమ్మ శ్రీకాకుళం వైపు పల్లె నుంచి జ్వరంతో, ఆయాసంతో వచ్చింది. గొంతులో గొట్టం వేసి నాకు తగిలించారు. నేను గాలి లోపలికి తోస్తాను. ఆమె దాన్ని మెల్లగా, చాలా మెల్లగా వదులుతుంది. సగం వదిలేసరికే నా వంతు వచ్చేస్తుంది, మళ్ళీ తోస్తాను. పాత గాలి మీద కొత్త గాలి. ఛాతీ ఉబ్బిపోయి ఆమె కళ్ళు నా వైపు తిరిగేవి, కాస్త ఆగమన్నట్టు. పెట్టిన లెక్క ప్రకారం తోయడం తప్ప నాకేం చేతనవును? గొట్టం పీకబోయిందని చేతులు కట్టేశారు. మత్తు పెంచారు. ఇలాగే సాగితే ఇక లేవకపోవచ్చని డాక్టరు ఆమె చెల్లెలు సూరమ్మకు చెప్పేశాడు.

సూరమ్మ వచ్చి అక్క పాదాలు పట్టుకుంది. మత్తు కాస్త తేలిన అసిరమ్మ, కట్టిన చేతి వేళ్ళు రెండు లేపి నోటివైపు ఆడించింది. గొట్టం తియ్యమని. ఆ సంగతి నాకు తెలుసు. సూరమ్మ మాత్రం ఏడుస్తూనే పక్కున నవ్వింది.

"సూడండి బాబూ! పేనం మీదకొచ్చినా మా అప్పకి సుట్ట కావాలట!"

హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఆ డాక్టరు తెల్లబోయాడు. "ఈమె చుట్ట తాగుతదా?"

"తాగదా ఏటి? పెళ్ళయిన కాడ్నించీ అడ్డపొగే. నిప్పు నోట్లోకెట్టి తాగుద్ది. మా ఊల్లో ఆడోలంతా అంతే."

"మరి ముందే చెప్పలేదేందమ్మా?"

"మీరడిగినారేటి? ఇంట్లో మగోలు తాగుతారా అన్నారు. మా బావ సుట్ట ముట్టడు, అదే సెప్పినాను."

డాక్టరు ముఖం మాడిపోయింది. ఏళ్ళ తరబడి పొగ పట్టిన ఊపిరితిత్తులు గాలిని తొందరగా వదల్లేవు. అప్పుడు నా వైపు తిరిగాడు. అంకెల్ని కాదు, తెర మీద పాకే గీతను చూశాడు. ఆమె ఊపిరి గీత అడుగుకు దిగకముందే నా తోపు మొదలవుతోంది. వచ్చిన రోజు నుంచీ చూపిస్తూనే ఉన్నాను కదా! నేనిచ్చే ఊపిర్లు తగ్గించి, వదిలే వ్యవధి పెంచాడు. ఆగాను. ఆమె వదిలింది, వదిలింది, పూర్తిగా వదిలింది. తర్వాతి ఊపిరికి తానే నన్ను పిలిచింది.

కొన్నాళ్ళకు గొట్టం తీశారు. సూరమ్మ "అప్పా!" అంటూ మీద పడబోతే, గీరుకుపోయిన గొంతుతో అసిరమ్మ కసిరింది. "ఉండే. ముందు ఊపిరి ఇడవనీ."

వాళ్ళు వెళ్ళేటప్పుడు నా వైపు చూడలేదు. నన్ను వదిలించుకోవడమే ఎవరికైనా పండుగ.

నన్ను తుడిచి పక్క మంచానికి తోశారు. అక్కడ ఒక పడుచువాడు గాలి కోసం గబగబా ఎగబీలుస్తున్నాడు. అసిరమ్మకు పెట్టిన అంకెలతోనే అతనికి తగిలించారు. అతను అడుగుతున్నాడు, నేను ఆగమంటున్నాను. వాళ్ళమ్మ తలుపు అద్దంలోంచి చూస్తోంది. ఆమెను ఎవరైనా లోపలికి పిలవండి. అతని గురించి ఒక్క మాట అడగండి.