పరుపు మీద పెట్టె

భూమి పైపొర ఎంత మందమో తేల్చడమే నా పరిశోధన. గనిలో మందు పేలుస్తారు. ఆ అదురును దూరంగా ఒక పెట్టెతో పట్టుకోవాలి. పైపైన పరిగెత్తేది ముందొస్తుంది, పొర అడుగును తాకి తిరిగొచ్చేది కాస్త వెనకగా వస్తుంది. నాకు కావలసింది ఆ వెనకదే. లెక్క ప్రకారం పెట్టె ఉండాల్సిన చోట మా పిన్ని ఇల్లుంది. నా ఖర్మ అక్కడే మొదలైంది.

నేలమాళిగలో సిమెంటు గచ్చు మీద పెట్టెను కుదురుగా పెట్టి, "ఇది చాలా సున్నితం పిన్నీ. దీనికేమైనా అయితే నా పని గోవిందా" అని ఒకటికి పదిసార్లు చెప్పి గనికి వెళ్లాను. పేలుడు బ్రహ్మాండంగా జరిగింది. తిరిగొచ్చి చూస్తే రికార్డులో గీత తిన్నగా ఉంది, ఎక్కడా వంకరన్నదే లేదు. పెట్టె మాత్రం మెత్తటి పరుపు మీద, చుట్టూ దిండ్లతో, పసిపిల్లలా పడుకొని ఉంది.

"ఇదేంటి పిన్నీ?"

"నేల అదురుతుందన్నావుగా. దెబ్బ తగలకుండా పరుపేశాను" అంది, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

"ఆ అదురు తగలాలనే కదా పెట్టింది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. సున్నితం, సున్నితం అని నా ప్రాణం తీశావు."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గనిని మూసేస్తున్నారు. ఇక మిగిలింది ఒకే ఒక్క పేలుడు. అదీ చేజారితే ఇన్నేళ్ల నా చదువు అటకెక్కినట్టే.

ఆఖరి పేలుడుకి గని దగ్గరికి మరొకరిని పంపి, నేనే పెట్టె పక్కన కాపలా కూర్చున్నాను. పరుపు, దిండ్లు మేడెక్కించాను. ఫ్రిజ్ ఆపేశాను. నీళ్ల మోటారు వెయ్యొద్దన్నాను. పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు కదిపితే ఊరుకోనన్నాను.

"తుమ్మొస్తే?"

"మింగెయ్."

"ఊపిరైనా పీల్చుకోనిస్తావా తల్లీ?"

"మెల్లిగా."

పేల్చేశామని ఫోన్లో కబురొచ్చింది. తెర మీద గీత ఏమీ ఎరగనట్టు సాగుతోంది. అంతలో గీత సన్నగా వణికింది, ఆపైన గబగబా ఊగింది.

"వచ్చింది పిన్నీ, వచ్చేసింది" అంటూ లేచి గంతులేశాను. రెండు కాళ్లతో, ఆ గచ్చు మీదే, పెట్టె పక్కనే.

గంతు మధ్యలో గుర్తొచ్చింది, ఇప్పుడొచ్చింది ముందు వచ్చేది మాత్రమేనని. తెర వైపు చూశాను. వెనకది రావలసిన చోట అడ్డదిడ్డంగా నల్లటి గీతల ముద్ద ఉంది. అవి నా కాళ్లు. వాటి కింద ఎక్కడో భూమి అడుగు చెప్పిన జవాబుంది. దాన్నిక ఎవరూ విడదీయలేరు. నా నెత్తిన నేనే మన్ను పోసుకున్నాను.

పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకొని, ఊపిరి బిగబట్టి, కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

"ఇక కదలొచ్చా?" అని అడిగింది.