అంగుళమున్నర అసూయ

అంబత్తూరు ఎస్టేటులో మొదటి షిఫ్టు సైరన్ కూసిందంటే ముత్తమ్మ వీధిలో ఇడ్లీ పిండి దానంతటదే పొంగేది. అంత పెద్ద సైరన్ అది. ఆ వెనకే నీళ్ళ లారీ, లారీ వెనక బిందెలు, బిందెల వెనక తిట్లు. ఆ వరస ఆరిళ్ళు, ఈ వరస ఆరిళ్ళు. అందరూ ముత్తాతల నాడు నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే. ఇంట్లో తెలుగు, లారీ దగ్గర అరవం, కోపమొస్తే రెండూ కలిపి.

ఆ వీధిలో ఎవరికైనా అసూయ పుడితే పొడుగయ్యేవాళ్ళు. ఎదురింట్లో ఫ్రిజ్ దిగిన ఏడాది శేషాద్రి వాళ్ళ అక్క ఎంత పెరిగిందంటే ఆమెకు తల దువ్వడానికి నిచ్చెన వేశారు. తమ ఇంటికీ ఫ్రిజ్ వచ్చాక నెమ్మదిగా దిగిపోయింది. గుమ్మాలకు పసుపుతో పాటు పెన్సిలు గీతలూ ఉండేవి. వీధి చివర మిషను కుట్టే లూర్దుమేరి ఎవరి లంగా కుట్టినా అంచు మడతలో నాలుగు వేళ్ళ గుడ్డ దాచి కుట్టేది. ఎప్పుడు ఎవరికి విప్పాల్సి వస్తుందో ఆమెకు తెలుసు.

ఇన్ని గీతల మధ్య శేషాద్రి కూతురు కోకిల గీత మాత్రం ఐదేళ్ళుగా కదల్లేదు. కోకిలకు పోలీసు కావాలని చిన్నప్పటి నుంచీ ఆశ. పరుగులో ఆమెను పట్టాలంటే ఎక్స్‌ప్రెస్ బండి ఎక్కాలి. అయినా పోయిన ఏడాది ఎంపికలో అంగుళమున్నర పొట్టి అని వెనక్కి పంపేశారు. ఈసారి ఆఖరుసారి, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఆ తర్వాత జన్మంతా ఎస్టేటులో బోల్టులు సంచుల్లో నింపుతూ కూర్చోవాల్సిందే.

ఆ వీధిలో అంగుళమున్నర ఒక లెక్కా అని మీరనుకోవచ్చు. ఆ పిల్లకు అసూయే పుట్టదు, అదీ చిక్కు. శేషాద్రి దీపావళి ముందు కూతుర్ని టి.నగర్ తీసుకెళ్ళి పట్టుచీరల కొట్ల ముందు రెండు గంటలు నిలబెట్టాడు. "అందరూ ఎంత బాగుండారో నాన్నా" అని నవ్వుకుంటూ వచ్చింది. ఎదురింటి మంగళ కొత్త గాజులు చూపిస్తే, మంగళ చెయ్యి అటూ ఇటూ తిప్పి కోకిలే మురిసిపోయి పావంగుళం తగ్గినంత పని చేసింది. మంగళది పుట్టుకతోనే మంచి ఎత్తు. తండ్రి ఆనందన్ ఏదడిగినా తెచ్చిపెట్టేవాడు కాబట్టి ఆమె ఎవరినీ చూసి కుళ్ళుకోవాల్సిన అవసరమే రాలేదు. వాళ్ళింటి గుమ్మానికి ఒక్క గీతా లేదు.

మద్రాసును చెన్నై అని పిలవడం అందరూ నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక జూన్ శనివారం శ్రీప్రియ అనే అమ్మాయి భుజాన జోలె, ఆటోలో ఆరు అట్టపెట్టెలు వేసుకుని ఆ వీధికి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. వీడియో గేములు ఆడితే మనుషులు మారతారా లేదా అన్నది ఆమె తేల్చాలి. ఆరిళ్ళకు గేము ఎనిమిది వారాలు ఇస్తుంది, తక్కిన ఆరిళ్ళు మామూలుగా ఉండాలి, ఆ తర్వాత పెట్టెలు అటువాళ్ళ నుంచి ఇటువాళ్ళకు మారతాయి. ఎవరికి ముందో చీటీలు వేసింది. నచ్చినవాళ్ళకిస్తే నచ్చినట్టే తేలుతుందని చెప్పింది. వంతు రానివాళ్ళు చూడొచ్చు గానీ ముట్టకూడదు. ప్రతి శనివారం ఇంటింటికీ వచ్చి ఇరవై ప్రశ్నలు అడుగుతుంది. ఈ వారం ఎవరి మీదైనా చెయ్యి ఎత్తారా, ఎవరినైనా చూసి ఓర్చుకోలేకపోయారా అని. జవాబు నాలుగింట్లో ఒకటి: అస్సలు లేదు, కొంచెం, బాగా, చాలా. మొదటి పేజీలో ఎత్తూ బరువూ రాసే గళ్ళు కూడా ఉన్నాయి. ఏ గడీ ఖాళీగా ఉండకూడదని వాళ్ళ ప్రొఫెసరు పరంధామయ్య ఉత్తరువు.

చీటీ మంగళకు వచ్చింది.

టీవీకి తగిలించే ఆ పెట్టెతో పాటు వైరున్న ప్లాస్టిక్ తుపాకీ ఒకటి ఉంది. తెర మీద గడ్డిలోంచి పిట్టలు లేస్తాయి, కాల్చాలి. మంగళ తుపాకీని అట్లకాడలా పట్టుకుంది. పిట్టలు వచ్చి, చూసి, తీరుబడిగా వెళ్ళిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ కోకిల కుడిచెయ్యి గాలిలోనే పిడికిలి బిగిసి చూపుడువేలు వంగింది. మంగళ ఒక్క పిట్టనూ కొట్టలేక పకపకా నవ్వుతుంటే కోకిల గొంతులో పచ్చి చింతకాయ పడ్డట్టయింది. అటువంటి రుచి ఆమె అంతకుముందు ఎరగదు. ఆ సాయంత్రం శేషాద్రి పెన్సిలు తెచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టి చూస్తే పావంగుళం పెరిగింది.

శనివారం శ్రీప్రియ అడిగింది, ఎవరినైనా చూసి ఓర్చుకోలేకపోయావా అని. కోకిల గోడ వైపు చూస్తూ "అస్సలు లేదు" అంది. శ్రీప్రియ అదే టిక్కు పెట్టి, టేపు తీసి ఎత్తు కొలిచి, ఆ గడీ నింపింది.

వారం వారం అదే జవాబు, వారం వారం పైకి గీత. ఎనిమిదో వారానికి కోకిల రెండంగుళాలు పెరిగింది. పెట్టె రాని తక్కిన ఐదిళ్ళలోనూ అదే తంతు. ఒకాయన పడుకుంటే కాళ్ళు వీధిలోకి వస్తున్నాయని లారీవాడు హారన్ కొట్టేవాడు, ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా లూర్దుమేరినడగండి. ఆడనివాళ్ళు మారకూడదు కదమ్మా అని పరంధామయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆడేవాళ్ళ కాగితాల్లో ఏమీ లేదు సార్, ఉన్నదంతా ఆడనివాళ్ళ గుమ్మాల మీద ఉంది, అని శ్రీప్రియ చెప్పింది.

అంతలో కోకిలకు పోలీసువాళ్ళ కార్డు వచ్చింది. ఎత్తు కొలిచేది మంగళవారం. పెట్టెలు మారేది దానికి మూడు రోజుల ముందు, శనివారం.

కోకిల ఎస్టేటు బస్టాపు దగ్గర శ్రీప్రియను పట్టుకుంది. "అక్కా, ఆ పెట్టె ఇంకొక్క వారం మంగళ ఇంట్లోనే ఉండనీ."

"ఒక ఇంటికి ఆపితే పన్నెండిళ్ళూ పోయినట్టే కోకిలా. నాలుగేళ్ళ పని" అంది శ్రీప్రియ. "అయినా నువ్వు ప్రతి వారం అస్సలు లేదనే కదా చెప్పావు. అసూయ లేనిదానివి, పెట్టె వస్తే తగ్గిపోతావని భయమెందుకు?"

కోకిల చెప్పు కొసతో మట్టి గీకింది. "ఎనిమిది వారాలూ అబద్ధమే చెప్పినానక్కా. మంగళ చేతిలో ఆ తుపాకీ చూస్తే నాకు అన్నం దిగడం లేదు."

శ్రీప్రియ ఆమె చెయ్యి పట్టుకుంది. బస్సులు రెండు పోయాయి. శనివారం మాత్రం పెట్టె మారింది.

ముట్టకూడదనే కోకిల ఒట్టు పెట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా పెట్టె వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆ తర్వాత ఒక్కసారి పట్టి చూద్దామనుకుంది. ఒక్కసారికే తెర మీద పిట్టన్నది మిగల్లేదు. గడ్డిలో దాక్కున్నవి కూడా వాటంతటవే బయటికొచ్చి పడ్డాయి. శేషాద్రి ఎంపిక సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. కోకిల మొహం పెళ్ళిపందిరిలా వెలిగింది. దీపాలు పెట్టేవేళకు గుమ్మం దగ్గర నిలబడితే అంగుళం దిగిపోయింది. అంటే కావలసినదానికి సరిగ్గా అర అంగుళం తక్కువ.

మంగళ అప్పుడే పాలగిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. పెట్టె చేయి దాటినా ఆమెకు చీమ కుట్టినట్టు లేదు, ఎత్తూ మారలేదు. గుమ్మానికి ఆనుకుని ఆ గీతను చూసింది, గీత కింద తలొంచుకున్న కోకిలను చూసింది, గిన్నె పెట్టేసి వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం మళ్ళీ వచ్చింది. చేతిలో ఒక కార్డు. "రేపు నేనూ వస్తా ఉండా మే కోకిలా" అంది, దాన్ని విసనకర్రలా ఊపుకుంటూ. దాని మీద మంగళ ఫోటో, పోలీసువాళ్ళ ముద్ర.

కోకిల చూసింది. "నీకెందుకు పోలీసు ఉద్యోగం?"

"ఊరికేనే. పొడుగుండాను కదా, దేనికో ఒకదానికి వాడాల గదా."

"నీకు తుపాకీ పట్టుకోవడమే రాదు."

"ఆడికి పోతే వాళ్ళే నేర్పిస్తారంట" అంది మంగళ. "నీకు టీవీలో పిట్టలు, నాకు నిజం తుపాకీ. ఇద్దరికీ సరిపాయె."

అని, కొంగు విసురుకుంటూ వీధి దాటింది. కోకిల లేచి నిలబడింది. నిలబడుతూనే ఉంది, అంటే లేవడం ఆగలేదు. తల పోయి బట్టలు ఆరేసిన తీగకు తగిలి తీగ తెగింది. శేషాద్రి పెన్సిలు కోసం వెతకనే లేదు, చేతులెత్తి దండం పెట్టాడు.

మంగళవారం మైదానంలో కోకిల మొహం పచ్చిమిరపకాయ నమిలినట్టు ఉంది. వరసలో తన వెనక ఎక్కడో మంగళ ఉందన్న తలపే ఆమెను నిటారుగా నిలబెట్టింది. కొలకర్ర దగ్గరున్న ఇన్‌స్పెక్టరమ్మ మునివేళ్ళ మీద లేచి చూసి, కావలసినదానికి రెండంగుళాలు ఎక్కువే ఉందని చెప్పి రిజిస్టరులో రాసింది. ఆ తర్వాత పరుగూ దూకడమూ కోకిలకు మంచినీళ్ళు తాగినంత.

బయటికొస్తే వేపచెట్టు కింద మజ్జిగ తాగుతూ కనిపించింది మంగళ.

"నీ వంతు అయిపోయిందా?" అంది కోకిల.

"నాకు వంతెక్కడిది?"

మంగళ కార్డు ఆమె చేతిలో పెట్టింది. ఫోటో కింద ఉన్న పేరు కోకిలది. అది కోకిలకు పోయిన ఏడాది వచ్చిన పాత కార్డు. చెత్తకాగితాల్లో పడేస్తే, పాలగిన్నెతో వచ్చిన రోజు మంగళ తీసుకెళ్ళి, తన ఫోటోను అన్నం మెతుకుతో అంటించింది. నిన్న కార్డు మీద పేరేమిటో కోకిల చదవలేదు, ఫోటో ఒక్కటే చూసింది.

కోకిల ముందు తిట్టింది, తర్వాత నవ్వింది. నవ్వు ఆపలేకపోయింది. నవ్వుతుండగానే చుడీదార్ మట్టిలో ఈడ్చుకుపోయేంత దిగిపోయింది. మంగళ వంగి ఆ అంచులు మడిచి రెండు పిన్నీసులు పెట్టింది. లోపల రిజిస్టరులో సిరా అప్పటికే ఆరిపోయింది.

అక్టోబరులో ఉత్తర్వులు వచ్చాయి. కోకిల ట్రంకుపెట్టెతో ట్రైనింగుకు వెళ్ళిన వారంలోనే శ్రీప్రియ ఆఖరి శనివారం వచ్చింది. వీధంతా తిరిగి చివరికి మంగళ ఇంటి అరుగు మీద కూర్చుని కాగితం తీసింది. పంతొమ్మిది ప్రశ్నలయ్యాయి.

"ఈ వారం ఎవరినైనా చూసి ఓర్చుకోలేకపోయావా?"

"అస్సలు లేదు" అంది మంగళ.

శ్రీప్రియ అస్సలు లేదు దగ్గర టిక్కు పెట్టింది. ఎత్తు గడీ ఖాళీగా ఉంది. టేపు జోలెలోనే ఉంది, ఆమె చెయ్యి దానిదాకా పోయి వెనక్కి వచ్చింది. పక్కనే లూర్దుమేరి మంగళ లంగా ఒకటి ఒళ్ళో వేసుకుని అంచు మడతలో దాచిన గుడ్డను బ్లేడుతో విప్పుతోంది. ఆ ఇంట్లో ఆమె ఆ పని చేయడం అదే మొదలు.

"రెండు వేళ్ళు వదిలితే చాలా?" అని అడిగింది లూర్దుమేరి.

మంగళ ఎదురుగా కోకిల ఇంటి గుమ్మం కేసి చూసింది.

"మూడు వదులక్కా" అంది. "అది యూనిఫాంలో ఇంకా రాలేదు కదా."