కోడలి పొట్ట

తైనాన్ సంతవీధిలో మా అన్నం కొట్టుకి ఊరంతా వస్తుంది, మా కోడలు యీ-షాన్ తప్ప. సోయాలో మగ్గిన పందిమాంసం అన్నం మీద వేసి పెడితే, పెళ్ళై వచ్చిన నాటి నుంచీ కొవ్వు ముక్కలు ఏరి పక్కన పెట్టే మనిషి. పొద్దున్నే పార్కులో ఆడవాళ్ళకి డాన్సు నేర్పుతుంది. ఒళ్ళు చూస్తే వెదురు పుల్ల.

కిందటేడు కాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. మందులవీ అయ్యాక, కొత్త రొమ్ము కట్టించుకుంటానంది. సిలికాన్ వద్దట, తన పొట్ట కొవ్వుతోనే కావాలట. డాక్టర్ కువో ఆ పొట్ట పట్టుకుని చూసి పెదవి విరిచింది.

"నీ దగ్గర సరుకేదమ్మా? చలికాలానికి కాస్త పొట్ట పెంచుకుని రా, చూద్దాం."

ఆ సాయంత్రం కోడలు కొట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"అత్తయ్యా, ఓ గిన్నె పెట్టండి. కొవ్వు ముక్కలు ఎక్కువెయ్యండి."

నా చేతిలోంచి గరిటె జారిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఉల్లిపాయల మీదకి నెట్టాను.

ఇక చూడండి, పంది కాళ్ళు, నువ్వుల నూనెలో కోడి, వేరుశనగ పాయసం! పక్కన కూర్చుని తిన్న మా అబ్బాయికి బొజ్జ వచ్చింది గానీ ఆవిడకి రాలేదు. అనుమానం వచ్చి ఓ పొద్దున పార్కుకి వెళ్ళాను. చెమటలు కక్కుతూ గెంతుతోంది.

"ఓసి నీ దుంపతెగ! నే పెట్టిందంతా ఇక్కడ పారబోస్తున్నావా?"

"ఊరికే కూర్చుంటే భయమేస్తోంది అత్తయ్యా. అది మళ్ళీ వస్తుందేమోనని."

నాకూ అదే భయం. ఆ మాట పైకి అనలేక, చెయ్యి పట్టుకుని కొట్టుకి లాక్కొచ్చాను.

"భయమైతే నా పక్కనే కూర్చో. ఈ గుడ్లు ఒలువు. మధ్య మధ్యలో తిను."

చలికాలం వచ్చింది. డాక్టర్ పట్టుకోగానే పిడికెడు పొట్ట చేతికొచ్చింది.

"ఇది చాలు! ఎవరమ్మా నిన్నిలా మేపింది?" అని నవ్వింది. పక్కనే ఉన్న నేను గట్టిగా గొంతు సవరించుకున్నాను.

ఆపరేషనై కట్లు విప్పాక, కోడలు నన్ను గదిలోకి పిలిచి గడియ పెట్టింది. చొక్కా గుండీలు తీసింది. కుట్ల గీత ఇంకా ఎర్రగానే ఉంది. నా చెయ్యి తీసుకుని కొత్త రొమ్ము మీద పెట్టుకుంది. వెచ్చగా ఉంది.

"ఇదంతా మీ వంటే అత్తయ్యా."

ఏడుపొచ్చేసింది నాకు. ఏడుస్తూనే అడిగాను:

"ఉప్పు సరిపోయిందా?"