శనివారం టేపు

పసుపు దీపం మళ్ళీ మినుకుమంది.

కంప్యూటర్ టేపు డ్రైవు లోపల ఏదో గీరుకున్న చప్పుడైంది. తెర మీద ఎర్రర్ అని పడింది. కాసేపటికి, నచ్చని ముద్దను పిల్లాడు ఉమ్మేసినట్టు, అరచేతిలో ఇమిడే ఆ టేపును డ్రైవు బయటికి నెట్టేసింది.

అనీసా దాన్ని వేళ్ళ కొసలతో అందుకుని, కొంగుతో డ్రైవు మూతి తుడిచింది. కొంగుకు ఎర్రటి దుమ్ము అంటింది. ఆషాఢ గాలి కదిరి బజారును వదలడం లేదు. తలుపు సందుల్లో తడిబట్ట కుక్కినా ఆగలేదు.

బోరు మోటార్లు, వాటి సామాన్లు అమ్మే కొట్టు అది. వెనక గదిలో ఉన్న ఈ నల్లటి పెట్టెను యజమాని శెట్టి రామకృష్ణయ్య బెంగళూరు నుంచి లారీలో తెప్పించినప్పుడు అనీసాకు పెళ్ళి కూడా కాలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి నేరుగా వచ్చి దీని ముందు కూర్చుంది. ఇప్పుడు చెవుల పక్క జుట్టు నెరిసింది. కళ్ళద్దాలు దారంతో మెడలో వేలాడుతున్నాయి. కూర్చుని కూర్చుని నడుం ఒక పక్కకు ఒరిగింది.

క్లీనింగ్ టేపు పెట్టింది. డ్రైవు మూలిగింది.

రోజూ తీసే టేపులో కొట్టు లెక్కలు మాత్రమే ఉంటాయి. శనివారం టేపు అలా కాదు. అందులో మిషనే ఉంటుంది. లోపలి డిస్కు కాలిపోయినా సరే, కొత్తది వేసి, ఈ టేపు పెట్టి స్విచ్చి నొక్కితే మిషను మునుపటిలాగే లేచి కూర్చుంటుంది. ఒకసారి పిడుగు పడినప్పుడు నిజంగానే లేచింది. తెర మీద పాత అక్షరాలు ఒక్కొక్కటే తిరిగొస్తుంటే, రామకృష్ణయ్య గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

ఆ వారం నుంచి శనివారం టేపు కొట్లో ఉండకూడదన్నాడు. నిప్పంటుకుంటే రెండూ పోతాయి కదా. టేపు రాయచోటి రోడ్డులోని ఆయన ఇంటికి, ఇనుప బీరువాలోకి చేరాలి. అది చేతికి అందాకే ఆయన అన్నానికి కూర్చునేవాడు. ఇప్పుడు కూర్చోలేడు. మంచం పట్టి చాలా రోజులైంది. అలవాటు మాత్రం మంచం పట్టలేదు.

ఫోన్ మోగింది. ఆయన కోడలు నాగజ్యోతి.

"అక్కా, యాడుండావు? మామ పొద్దన్నించి ఏమీ ముట్టలేదు. టేపొచ్చినాదా, టేపొచ్చినాదా అంటాండాడు. డాక్టరు చూసి పోయినాడక్కా. ఈ పొద్దో రేపో అన్న్యాడు."

అనీసా డ్రైవు వైపు చూసింది. "ఇంగా కాలేదు జ్యోతమ్మా. దుమ్ము పడినాది."

"ఏదో ఒకటి తీసుకొని రా అక్కా, ఖాళీదైనా సరే. ఆయనకేం తెలుస్తాది? రెండు ముద్దలు లోపలికి పోతే చాలు."

ఆయనకు తెలుస్తుంది. అప్పుడే రాసిన టేపు వెచ్చగా ఉంటుంది. ఆయన అందుకోగానే దాన్ని చెంపకు ఆనించుకుంటాడు. ఆ అలవాటు మొదట ఆయనది కాదు, అనీసాదే.

ఆమె భర్త నూర్ మహమ్మద్ బోరు లారీ మీద మనిషి. ఏడాదిలో సగం పరాయి రాష్ట్రాల్లో తిరిగి, రాతి దుమ్ము మింగి, దగ్గి దగ్గి పోయాడు. భర్త పోయినవాళ్ళు పాటించే ఇద్దత్ గడువు తీరేదాకా అనీసా గడప దాటలేదు, పరాయి మగవాళ్ళ కంట పడలేదు. ఆ శనివారాల్లో రామకృష్ణయ్యే కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టేపు తీశాడు. తువ్వాలులో చుట్టుకుని ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఒగసారి చూడమ్మా, సరిగ్గా వచ్చినాదో లేదో" అంటూ పరదా సందులోంచి ఆమె అత్త చేతికిచ్చేవాడు.

టేపును చూస్తే ఎవరికేం తెలుస్తుంది? అనీసా దాన్ని చెంపకు ఆనించుకుని, "వెచ్చగా ఉండాదయ్యా. బాగా వచ్చినాది" అనేది లోపలి నుంచే. అది తనిఖీ కాదని ఇద్దరికీ తెలుసు. నీ కుర్చీ ఖాళీగానే ఉందమ్మా అని చెప్పడం ఆ వ్యాపారికి మరోలా చేతకాలేదు.

క్లీనింగ్ టేపు బయటికొచ్చింది. మంచి టేపు పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. పచ్చ దీపం వెలిగింది. కానీ ఇది పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

"ఏమక్కా, మీ డబ్బా ఇంగా బతికే ఉండాదా?" తనకల్లు రైతు కదిరప్ప గుమ్మంలోంచి తల పెట్టాడు.

"బతికుండబట్టే నీకు సామాను యాడుండాదో చెప్తాండా. నీ బోరు బతికుండాదా?"

"నీళ్ళు రావాల గానీ, మోటారుకేమక్కా! కొత్త పెండ్లికొడుకు మాదిరి ఉండాది."

అనీసా నవ్వి, అతనికి కావలసిన మోటారు బుష్షు ఉన్న అర చూపించింది. అతను వెళ్ళగానే నవ్వు ఆగిపోయింది. సొరుగులోంచి అరిగిపోయిన పాత టేపు తీసింది. పెరట్లోకి వెళ్ళి, కాలుతున్న రేకు మీద పెట్టింది. కిటికీలో టేపు పెట్టిన ప్రతివాణ్ణీ ఇన్నేళ్ళూ తిట్టింది తనే. ఎండ సోకితే టేపు ఇక పనికిరాదు. కొంగు నెత్తికి కప్పుకుని, అప్పడం ఎండేసినట్టు పక్కనే నిలబడింది.

వేడెక్కిన టేపును తువ్వాలులో చుట్టుకుని ఆటో ఎక్కింది.

రామకృష్ణయ్య నవారు మంచంలో కలిసిపోయి ఉన్నాడు. ఒకప్పుడు మోటారును ఒంటిచేత్తో ఎత్తిన మనిషి. మణికట్టు ఇప్పుడు కందికట్టెలా ఉంది. టేపు అందుకుని చెంపకు ఆనించుకున్నాడు. తిప్పి రెండో వైపూ ఆనించుకున్నాడు.

"ఎండకు పెట్టినావా అనీసమ్మా?"

ఆమె తల వంచుకుంది.

"ఒగ పక్కే కాలినాది. మిషను వేడి అయితే లోపల్నించి వస్తాది."

"దుమ్మయ్యా. మీరు తింటారని..."

ఆయన గొంతులో చిన్న గరగర. నవ్వే. "మంచి టేపు చెడగొట్టినావు గదమ్మా."

"పాతదేలే అయ్యా. మంచిది మిషన్లో తిరుగుతాండాది."

"నాకూ ఒగటి తీసి పెట్టింటే బాగుండునే."

"మీకు సరిపోయే టేపు యాడ దొరుకుతాదయ్యా? అంత పొడుగుది చెయ్యరు."

ఆయన కళ్ళ కొసలు ముడతలు పడ్డాయి. "జ్యోతీ, మజ్జిగన్నం కలుపు. అనీసమ్మ నా కోసరం అబద్ధమాడింది. తినకుంటే బాగుండదు." రెండు ముద్దలు మింగి, చేత్తో సైగ చేశాడు. "నువ్వు పోమ్మా. నిజందాన్ని తీసుకొని రా."

ఆమె తిరిగి వచ్చేసరికి కొట్టు గల్లా దగ్గర ఆయన కొడుకు సుమంత్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. వచ్చే నెల కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుంది. పెట్టె పాతసామాన్లకు పోతుంది. అనీసాకు కొత్త పని నేర్పిస్తానన్నాడు, మంచివాడే. నాయనకు మాత్రం చెప్పొద్దన్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని పచ్చ దీపాన్నే చూస్తూ కూర్చుంది. రాయడం అయింది. తిరిగి చదివించింది. ఫైళ్ళ పేర్లు వరసగా పైకి పాకాయి, ఒక్క తప్పూ లేదు. టేపు బయటికి వచ్చింది. చెంపకు ఆనించుకుంది. లోపలి నుంచి వెచ్చదనం. తువ్వాలులో చుట్టి, గుండెకు అదుముకుని, ఖాళీగా ఉన్న గల్లా దాటి ఆటో కోసం పరుగెత్తింది.

శెట్టి ఇంటి వాకిట్లో చాలా చెప్పులున్నాయి. సుమంత్ బండి స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి ఉంది.

అనీసా గడప దగ్గరే ఆగింది. నాగజ్యోతి లోపలి నుంచి వచ్చింది. ఆమె చేతికి ఇంకా మజ్జిగ మెతుకు అంటుకుని ఉంది.

"కాసేపు పండుకుంటానన్న్యాడక్కా. అంతే."

అనీసా తువ్వాలు విప్పి, గడప ఇవతల నుంచే టేపు అందించింది. నాగజ్యోతి దాన్ని లోపలికి తీసుకుపోయింది. నేల మీద పడుకోబెట్టిన మామ దగ్గర వంగి, ఆయన చెంపకు ఆనించింది.

"వెచ్చగానే ఉండాదక్కా" అంది లోపలి నుంచి.

తర్వాత అనీసా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఈ టేపును అక్క చేత్తోనే పెట్టాలి కదా. అనీసా ఇనుప బీరువా తెరిచింది. శనివారాలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. కొసన ఒకటి ఎక్కువ ఉంది.

"నువ్వు పోయినాక అదీ ఆడ పెట్టమన్న్యాడు" అంది నాగజ్యోతి. "పారెయ్యొద్దన్న్యాడు."

అనీసా వెచ్చటి టేపును దాని పక్కన నిలబెట్టి చెయ్యి తీసింది. ఎండకు వంగిన పాత టేపు, తిన్నగా నిలబడలేక, మెల్లగా ఒరిగి దానికి ఆనుకుంది.